చలిగదిలో మా చెల్లెలు

ఆ గది తలుపుకు మొహమంత అద్దం ఒకటి ఉంటుంది. దాంట్లోంచి చూస్తే లోపల తెల్లటి పొగ, పొగలో మా చెల్లెలు. నిక్కరు, పొట్టి బనియను, చేతులకు ఉన్ని గ్లౌజులు, చెవులు మూసే పట్టీ, ముక్కుకూ నోటికీ గుడ్డ, కాళ్ళకు మందపాటి మేజోళ్ళు, వాటి కింద చెక్క చెప్పులు. సున్నాకు నూరు డిగ్రీలకు పైగా కిందికి దించిన చలి అది. ఒంటి మీద చెమట చుక్క ఉన్నా లోపలికి పంపరు. ఆ చుక్క దగ్గర చర్మం కాలిపోతుందంట. లోపల ఊరికే నిలబడకూడదు, మెల్లగా గుండ్రంగా నడవాలి. బయట ఒకమ్మాయి మైకులో మాట్లాడిస్తూనే ఉంటుంది, తెలివిలో ఉందా లేదా అని. మూడు నిమిషాలు నిండకముందే తలుపు తీస్తారు.

మొదటిసారి ఆ అద్దానికి ముక్కు ఆనించి చూసినప్పుడు నాకు చెల్లెలి గురించి భయం వేయలేదు. కరెంటు బిల్లు గురించి వేసింది. ఈ గదికి నెలకు ఎంతవుతుందో, దాన్ని మాకు ఊరికే ఎందుకు ఇస్తా ఉండారో అని. ఊరికే వచ్చేదాన్ని నమ్మొద్దని మా ఇంట్లో పాలతో పాటు పోసి పెంచినారు.

మాది బెంగళూరు పాత పేటలో పాత్రల అంగడి. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాం. కింద అంగడి, పైన ఇల్లు. ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర కన్నడ, కోపం వస్తే రెండూ. నాయన పోయినాక గల్లా నాకు వచ్చింది. మా వీధిలో మొదట చెప్పే ధర ధర కాదు, పలకరింపు. కొనేవాళ్ళు దాన్ని సగం చేస్తారు, అది కూడా పలకరింపే. అక్కడి నుంచి మేం ఒక మెట్టు దిగుతాం, వాళ్ళొక మెట్టు ఎక్కుతారు. ఒకసారి దిగినవాడు ఇంకోసారి దిగుతాడు, ఇది మా చదువుకంతా మొదటి పాఠం. మొదటి మాటకే ఒప్పుకుని డబ్బులు తీసేవాళ్ళు వస్తే మాకు సంతోషం కాదు, అనుమానం. దొంగనోటేమో అని వెలుతురుకు పట్టి చూస్తాం.

నా సంగతి ఇంకా అన్యాయం. నాయన పోయిన రోజు శ్మశానం గేటు దగ్గర పూలవాడితో బేరమాడినాను. ఏడుస్తానే ఆడినాను. పాడె మోసేవాళ్ళు నిలబడి ఉండారు, వాడు మూర మీద తగ్గించేదాకా నేను కదల్లేదు. నాయనే లేచి కూర్చుని ఉంటే ఇంకొంచెం తగ్గించి ఉండేవాడు.

ఇట్లాంటి ఇంట్లో పుట్టి మా చెల్లెలు పరుగు పట్టుకుంది. నాకంటే చాలా చిన్నది, అమ్మ లేనిది కాబట్టి సగం నా చేతుల మీదే పెరిగింది. బడిలో మొదలుపెట్టిన పరుగు కాలేజీ దాటినా వదల్లేదు. ఐదువేల మీటర్లు. ఆ దూరం గురించి నాకు తెలిసింది ఒకటే, అంతసేపు పరిగెత్తినాక మళ్ళీ బయలుదేరిన చోటికే వస్తారు. "దీనికి ఇంత కష్టమెందుకే, మొదలే అక్కడ కూర్చుంటే సరిపోయేది కదా" అనేదాన్ని.

"నువ్వు చేసేది అదే కదక్కా" అనేది.

ఆ మాటలో ఎగతాళి ఎంతో భయం అంతే ఉండేది. ఒక ప్రభుత్వ శాఖలో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం ఉంది. ట్రయల్స్‌లో మొదటి ముగ్గురిలో వస్తే నౌకరీ, నౌకరీతో పాటు పరుగు కూడా, ఎందుకంటే ఆ శాఖ తరఫున పరిగెత్తడమే పని. వయసు హద్దుకు ఆమెకు అదే ఆఖరి ఏడాది. అది తప్పితే గల్లా పక్కన ఇంకో స్టూలు. ఆ స్టూలు మీద ఆమెను చూడటం నాకూ ఇష్టం లేదు. ఒక ఇంట్లో ఒకరు కూర్చుంటే చాలు.

ఆ ఏడాదే చలిగది మా బతుకులోకి వచ్చింది. దేవనహళ్ళి దారిలో ఆటగాళ్ళకు వైద్యం చూసే కేంద్రం ఒకటి ఉంది. అక్కడ ఒక డాక్టరమ్మ పరిశోధన చేస్తా, శిక్షణలో ఉన్న పరుగువాళ్ళు కావాలని చెల్లెలి కోచ్‌ను అడిగింది. ఆమెది కోస్తా వైపు, మా ఇద్దరితోనూ తెలుగే మాట్లాడేది. మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. గట్టిగా శిక్షణ చేస్తే ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చులో కొన్ని చెడ్డ కణాలు పుట్టి కండరాన్ని కొరుకుతాయి, దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు, వాటిని అణిచే సరంజామా ఒంట్లోనే కొంత ఉంటుంది. ఒంటికంతా ఒకేసారి చలి తగిలితే ఆ సరంజామా బలపడుతుందా, లేక చలి కూడా ఇంకో దెబ్బేనా, అదే చూస్తున్నామని అనింది.

"అంటే ఇత్తడికి పట్టే చిలుము లాంటిది" అన్నాను.

"దాదాపు అంతే అండి. కానీ పూర్తిగా తోమేయడం మంచిదో కాదో ఇంకా తేలలేదు. అది కొంచెం ఉంటేనే ఒళ్ళు శిక్షణ నుంచి నేర్చుకుంటుందని కూడా అంటారు."

అది నాకు వెంటనే అర్థమైంది. రోజూ చింతపండు వేసి తోమితే చెంబు మెరుస్తుంది, అరుగుతుంది కూడా. అరిగిన చెంబులు తూకానికి మా అంగడికే వస్తాయి. అర్థమైనా నేను అడగాల్సింది అడగకుండా ఉండలేను కదా. పరుగువాళ్ళను రెండు గుంపులు చేస్తారంట, ఒక గుంపుకు శిక్షణ అయినాక చలిగది, ఇంకో గుంపుకు ఊరికే విశ్రాంతి.

"మేడమ్, మా పిల్లను చలి వైపు వేయండి."

"అది నా చేతిలో లేదండి. కంప్యూటర్ తీస్తుంది."

"కంప్యూటర్ మీ మేజా మీదే ఉంది కదా."

"ఎవరు ఎటు పడతారో నేను ముందుగా చూడకూడదు కూడా అండి."

"పోనీ, సగం రోజులు చలి, సగం రోజులు విశ్రాంతి."

"అలా ఉండదండి."

"రక్తం రెండు ట్యూబులు ఎక్కువ తీసుకోండి. ఏమంటారు?"

చెల్లెలు తల పట్టుకుంది. "మేడమ్, మా అక్క నా రక్తాన్ని కొసరు వేస్తా ఉంది. పట్టించుకోకండి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోడానికి నీళ్ళు తాగింది. తర్వాత కంప్యూటర్ తనకు తానే చెల్లెల్ని చలి వైపు వేసింది. ఇంటికొచ్చి ఆ ఘనత నాదే అన్నాను. "నువ్వు నోరు మూసుకుని ఉంటే రెండుసార్లు వేసుండేది" అనింది.

మొదట్లో బాగానే ఉండింది. పొద్దున శిక్షణ, తుడుచుకుని ఆరి, చలిగది, మళ్ళీ సాయంత్రం శిక్షణ. బయటికి వచ్చేటప్పుడు ఒళ్ళంతా దానిమ్మగింజ రంగు. "ఎట్ల ఉంటుందే లోపల?" అని అడిగితే, "మొదట సూదులు. తర్వాత ఏమీ ఉండదు. ఒళ్ళు ఎవరిదో అయిపోతుంది" అని చెప్పింది. కాళ్ళ బరువు తగ్గిందనేది, నిద్ర పడుతోందనేది. నడుమనడుమ రక్తం తీసేవాళ్ళు. పరీక్షల్లో ఆ కొరికే కణాల జాడ తగ్గిందని డాక్టరమ్మ చెప్పినరోజు మిద్దె మెట్లెక్కుతానే అరిచింది, "అక్కా, నా చిలుము తగ్గిందంట" అని. కోచ్ మాత్రం పెద్దగా పొంగిపోలేదు. ఆయన సైన్యంలో పరిగెత్తి వచ్చిన మనిషి, ఇంట్లో కన్నడ, మాతో తెలుగు. "చలిలో నడిస్తే పరుగు రాదమ్మా. ఒళ్ళు సాకు, అంటే చాలు, అన్నప్పుడు ఆపేది కూడా శిక్షణే" అనేవాడు.

ఆపడం ఆమెకు రాదు. చలి ఇచ్చిన తేలికదనాన్ని ఆమె విశ్రాంతి కింద జమ కట్టలేదు, ఇంకో నాలుగు చుట్లు పరిగెత్తడానికి వాడుకుంది. తిండి తగ్గించింది. బరువు తగ్గితే వేగం వస్తుందని ఎవరో చెప్పినారంట. రాగిముద్ద సగం తుంచి నా అన్నం తట్టలో వేసేది. "ఏమ్మే, నేనా పరిగెత్తేది?" అంటే, "నువ్వు కూర్చునేదానికి కూడా బలం కావాలి కదక్కా" అనేది.

అంగట్లో కూర్చునేవాళ్ళకు ఒక విద్య వస్తుంది. మనుషుల మొహాలు అబద్ధం చెప్తాయి, కాళ్ళు చెప్పవు. కొనడానికి వచ్చినవాళ్ళ పాదాలు అంగడి వైపు తిరిగి ఉంటాయి, చూసిపోయేవాళ్ళవి వీధి వైపు. అట్లా కాళ్ళు చూసే అలవాటుతోనే ఒక పొద్దున ఆమె మిద్దె మెట్లు పక్కకు తిరిగి దిగడం చూసినాను. ఎడమ కాలు ముందు పెట్టి, కుడి కాలిని దాని దగ్గరికి తెచ్చి.

"నొప్పా?"

"లేదు."

"ఎంత?"

కొంచెంసేపు ఆలోచించి, "పదిలో రెండు" అనింది.

"నువ్వు రెండంటే నాలుగు."

"రెండున్నర."

"మూడున్నరకు తక్కువ నమ్మను."

"మూడు. ఇంక ఎక్కను, అక్కా."

మూడుకు ఖాయం చేసుకున్నాం. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఆమె షూ లేసులు కట్టుకుని పోయింది. అప్పుడది మా ఇద్దరికీ మామూలు పొద్దు.

వారం తిరగకముందే డాక్టరమ్మ కాలు నొక్కి చూసింది. మోకాలి కింది ముంగాలి ఎముక మీద ఒకచోట వేలు పెట్టగానే చెల్లెలు మంచం అంచు పట్టుకుంది. స్కాన్ తీసినారు. డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి తలుపు వేసింది.

"ఎముక లోపల వాపు ఉంది. ఇంకా పగల్లేదు, పగిలే దారిలో ఉంది. తిండి సరిపోవడం లేదు, శిక్షణ ఎక్కువైంది. పరుగు ఆపాలి. కనీసం ఆరు వారాలు."

ట్రయల్స్‌కు అన్ని వారాలు లేవు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు.

"మూడు, మేడమ్?" అనింది చెల్లెలు.

"ఆరు."

"నాలుగు చేయండి మేడమ్" అన్నాను నేను. నోట్లోంచి అదే వచ్చేసింది, ఈగ వాలితే చేయి లేచినట్టు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి మేజా మీద పెట్టింది. కోపం కాదు, అలసట. "ఇది నేను పెట్టిన ధర కాదండి." తర్వాత చెల్లెలి వైపు తిరిగి మెత్తగా చెప్పింది, "చలి కూడా ఆపేస్తున్నాను. పరిశోధనలోంచి కూడా మిమ్మల్ని తీసేస్తున్నాను. చలి నొప్పిని మూసేస్తుంది. మీకిప్పుడు నొప్పి తెలియాలి. మూడో వారం ఒకసారి రండి, ఎలా మానుతోందో చూస్తాను. చూడటానికి మాత్రమే."

తిరుగు దారిలో నేను స్కూటర్ నడుపుతా ఉండాను, ఆమె వెనక. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా భుజం మీద గడ్డం ఆనించి, "మూడుకు వచ్చింది, చూసినావా?" అనింది.

"చూసేకి రమ్మనింది. పరిగెత్తేకి కాదు."

"కుక్కరుకు నువ్వు మొదట ఎంత చెప్తావు, ఎంతకు ఇస్తావు?"

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసినా వచ్చింది. పచ్చలైటు పడింది, వెనక బస్సువాడు హారన్ కొట్టినాడు, బండి కదిలించినాను. మా వీధిలో బేరం మాటతో కుదరదు, నవ్వుతో కుదురుతుంది. అమ్మేవాడు నవ్వినాడంటే కొనేవాడు పాత్ర చంకలో పెట్టుకుంటాడు.

ఆమె నిజంగానే మూడు వారాలు కాలు కదపకుండా కూర్చుంది. కనీసం నాకు కనపడినంతవరకు. చేతులకు వ్యాయామం చేసేది, కిటికీలోంచి వీధి చూసేది, నేను పెట్టిన ముద్ద పూర్తిగా తినేది. మూడో వారం డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే వద్దనింది. "పోతే ఇంకో మూడు చెప్తుంది."

దీనికి మా అంగట్లో ఒక నియమం ఉంది. కుదిరిన బేరం దగ్గరికి మళ్ళీ పోకూడదు, పోతే అంగడివాడికి బుద్ధి మారుతుంది. ఆ నియమం నేను చెప్పకుండానే ఆమెకు తెలుసు, ఆ నియమం కిందే పుట్టింది. "స్కాన్ ఒక్కటన్నా తీయిద్దాం" అన్నాను. "ఫలితం చూసి ఏం చేస్తావు? మంచిదొస్తే పరిగెత్తుతాను. చెడ్డదొచ్చినా పరిగెత్తుతాను. వయసు ఆగుతుందా?" అనింది. నేను గల్లా తాళాలు తీసుకుని అంగట్లోకి దిగినాను. ఆమె కోచ్ దగ్గరికి పోయి డాక్టరమ్మ సరేనందని చెప్పింది. ఆయన నమ్మినాడు.

పరుగు మొదలుపెట్టిన రోజు సాయంత్రం ఎడమ కాలు చేతులతో ఎత్తి మంచం మీద పెట్టుకుంది. మర్నాడు నన్ను కె.ఆర్.పురం దాటినాక ఉన్న ఒక అద్దాల భవనానికి తీసుకుపోయింది. అక్కడ కూడా చలిగది ఉంది, కానీ ఆటగాళ్ళకు కాదు. చర్మం నిగారింపుకు, నడుం నొప్పికి, ఆఫీసు అలసటకు. సోఫాల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు మెడలో కార్డులతో కూర్చుని ఉండారు. కౌంటర్ దగ్గర ఒక ఆంధ్రా అమ్మాయి, నోరంతా తేనె.

"సింగిల్ సెషన్ అయితే వర్త్ అవ్వదు మేడమ్. ప్యాకేజ్ తీసుకోండి, మీకు బెనిఫిట్ ఉంటుంది."

"ప్యాకేజీ మీద ఒకటి కొసరు వేయమ్మా."

"కొసరంటే, మేడమ్?"

"కూరగాయలు కొంటే కరివేపాకు ఇస్తారే, అది."

ఆ అమ్మాయి నవ్వి మేనేజర్‌ను అడిగి వచ్చింది. వేసినారు. ఆ తర్వాత చెల్లెల్ని అడిగింది, "మీరు రన్నరా అండి? ఇంజురీ ఏమైనా ఉందా? ఉంటే డాక్టర్ లెటర్ కావాలి."

"లేదండి" అనింది చెల్లెలు, ఆ అమ్మాయి కళ్ళలోకి చూసి.

నేను గోడ మీద రంగురంగుల ధరల పట్టీ చదువుతా ఉండిపోయినాను.

అక్కడి నుంచి బయటికి వచ్చినప్పుడల్లా ఆమె ఎడమ కాలి మీద ఒంటికాలితో గెంతి చూపించేది. "ఎంత?" అంటే "సున్నా" అనేది, నిజంగానే. కొంతసేపు సున్నానే. రాత్రి అన్నం వేళకు ఆ కాలును బల్ల కింద చాపుకుని మాట్లాడకుండా తినేది. అప్పుడు ఎంత అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పరుగు టైమింగులు మాత్రం మెరుగయినాయి. కోచ్ మొహంలో వెలుగు వచ్చింది. ట్రాక్ పక్కన నిలబడి గడియారం చూసి తలాడించేవాడు, నాకు కూడా చూపించేవాడు. ఆ అంకెలు నాకేం తెలుస్తాయి, ఆయన తలాడిస్తే నేనూ ఆడించేదాన్ని.

ట్రయల్స్ రోజు ఆకాశం మబ్బుగా ఉండింది. ఆ భవనం అంత పొద్దున్నే తెరవరు, కాబట్టి ఐస్ సంచీ కాలికి కట్టుకుని ఆటోలో కూర్చుంది. దారి పొడుగునా నీళ్ళు కారి నా చీర కుచ్చిళ్ళు తడిసినాయి. మైదానం గేటు దగ్గర సంచీ విప్పి నా చేతికిచ్చి, "పారేయొద్దు. అయినాక కావాలి" అనింది.

నేను కటకటాల వెనక నిలబడినాను. చుట్టూ ఆడపిల్లల అమ్మానాన్నలు, కొందరు టిఫిన్ డబ్బాలతో. తుపాకీ పేలింది. గుంపుగా బయలుదేరినారు, చుట్టు చుట్టుకూ గుంపు సాగింది, పలచబడింది. సగం దూరం అయ్యేసరికి ముందు ఇద్దరు, వాళ్ళ వెనక మా చెల్లెలు, ఆమె వెనక చాలా ఖాళీ. మూడో స్థానం. ముగ్గురిని తీసుకుంటారు. నా పక్కన ఒకాయన కన్నడలో, "ఆ మూడో అమ్మాయి ఎవరిదమ్మా, చక్కగా వస్తా ఉంది" అన్నాడు. మాదే అన్నాను. నా జన్మలో ఏ సరుకు గురించీ అంత గొప్పగా చెప్పుకోలేదు.

ఇంకో రెండు చుట్లు ఉండగా, నా ఎదురుగా వచ్చే మలుపులో, ఆమె ఎడమ కాలు కింద పెట్టింది. మోకాలికీ మడమకూ నడుమ, ఒంగకూడని చోట అది ఒంగింది. అరుపు వినపడలేదు. చేతుల మీద పడింది. లేచింది. కుడి కాలి మీద గెంతడం మొదలుపెట్టింది, గీత దాటకుండా, తన వరసలోనే. వెనకున్నవాళ్ళు ఒకరొకరే ఆమెను దాటిపోయినారు. తెల్లచొక్కా అధికారి చేయి ఊపుతా పరిగెత్తినాడు. అంతకు ముందే కోచ్ చేరుకుని ఆమెను రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను కటకటాలు ఎట్లా దాటినానో తెలియదు, చీర చిరిగింది. నేను పోయేసరికి ఆమె ఆయన చొక్కా పట్టుకుని అడుగుతా ఉంది.

"ఎంతమంది దాటినారు సార్? ఎంతమంది?"

"చూడలేదమ్మా" అన్నాడాయన. చూసినాడు. నాకు తెలుసు.

ఆసుపత్రిలో ఎముకలోకి కడ్డీ వేసినారు. లోపల ఆపరేషన్ జరుగుతా ఉంటే బయట బెంచీ మీద కోచ్, నేను. "డాక్టర్ సరేనందని నాకు చెప్పింది" అన్నాడు.

"డాక్టరమ్మ ఆరు వారాలు చెప్పింది. మూడో వారానికి చూసేకి రమ్మనింది. మేము పోలేదు."

 ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "మా వైపు ఎద్దును కొనేటప్పుడు అమ్మేవాడి మాట వినరమ్మా, నోరు తెరిచి పళ్ళు చూస్తారు. నేను చూడలేదు" అని లేచి పోయి, కిటికీ దగ్గర నిలబడినాడు.

రెండు రోజులకు డాక్టరమ్మ వచ్చింది. పండ్లు తెచ్చింది. మంచం పక్కన కూర్చుని, బయట ఎక్కడైనా చలి తీసుకున్నారా అని అడిగింది. చెల్లెలు తీసుకున్నానని చెప్పింది. ఆ తర్వాత తానే అడిగింది.

"చలి వల్లనా మేడమ్?"

"తెలీదమ్మా."

"మీకే తెలీకపోతే ఎట్ల?"

"ఒక్క మనిషిని చూసి చెప్పలేం. అందుకే అంతమందిని తీసుకున్నాం. తిండి తక్కువైంది, శిక్షణ ఎక్కువైంది, నొప్పి తెలియకుండా పోయింది. అన్నీ కలిసి ఉంటాయి. ఏది ఎంత అని నేను చెబితే అబద్ధం అవుతుంది."

"నా రక్తం? లెక్కలో ఉంటుందా?"

"ఆపేసిన రోజుదాకా తీసింది ఉంటుంది." డాక్టరమ్మ కొంచెం తటపటాయించింది. "మీవి చాలా బాగున్నాయి. ఆ కణాల జాడ బాగా తగ్గింది."

చెల్లెలు కట్టు వేసిన కాలి వైపు చూసుకుంది. మెల్లగా నవ్వింది. "విన్నావా అక్కా. లోపలంతా తళతళ."

డాక్టరమ్మ తల దించుకుంది. నేను పండ్ల సంచీ విప్పి ఒక నారింజ ఒలిచినాను, ఎవరూ తినలేదు.

ఆ ఉద్యోగాల పట్టీ వచ్చింది. మా చెల్లెల్ని దాటినవాళ్ళలో మొదట దాటిన అమ్మాయికి మూడో చోటు దక్కింది. చింతామణి వైపు పిల్ల, ఫోన్ చేసి ఏడ్చింది. చెల్లెలే ఆమెను ఊరుకోబెట్టింది. "నువ్వు పరిగెత్తినావు కదా, దానికెందుకు ఏడుస్తావు?" అనింది. ఫోన్ పెట్టేసినాక గోడ వైపు తిరిగి పడుకుంది.

ఊతకర్రలు పట్టుకుని నడవడం వచ్చినాక ఎముకల సర్జన్‌కు చూపించడానికి పోయినాం. ఆయన తొందర మనిషి. ఎక్స్‌రే వెలుగుకు పెట్టి, కాలు పైకి ఎత్తించి, దించించి, కుర్చీలో కూర్చున్నాడు.

"నడక వస్తుంది. మెట్లు, బరువులు, అన్నీ మెల్లగా వస్తాయి. పోటీ పరుగు గురించి ఇప్పుడు ఆలోచించొద్దు. ఏడాది పోనివ్వండి. అప్పుడు కూడా నేను మాట ఇవ్వలేను."

నేను ముందుకు వంగినాను. "సార్, ఆరు నెలలకు ఒకసారి..."

"ఊరుకో, అక్కా" అనింది చెల్లెలు. గట్టిగా కాదు. సర్జన్ వైపు తిరిగి, "సరే సార్" అనింది.

ఆయన ఇంకేమైనా అడగాలా అన్నాడు. ఏమీ లేదనింది. అప్పటికే తలుపు దగ్గర తర్వాతి మనిషి నిలబడి ఉండాడు.

వాలుదారి మీద నేను ఆమె చంక పట్టుకోబోతే వద్దని, తానే ఊతకర్రలు వేసుకుంటా దిగింది. కింద మందుల అంగడి ముందు ఆగి ఊపిరి తీసుకుంది. నుదుటి మీద చెమట పట్టి ఉంది.

"రేపటి నుంచి అంగడికి వస్తా" అనింది.

"తొందరేం లేదులే. కాలు మాననీ."

"కూర్చునే పనే కదా."

అవును, కూర్చునే పనే, అన్నాను.